వద్దన్నవారితో కట్టిన జట్టు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 22:1–2, 30:9–25.

అదుల్లాము గుహలో దావీదునొద్దకు వచ్చి చేరినవారు ఎట్టివారో మన పాఠ్యభాగము దాపరికము లేక చెప్పుచున్నది. కష్టములలో చిక్కినవారు, అప్పులవాండ్ల బాధ పడలేక పారిపోయి వచ్చినవారు, మనస్సులో చేదు నింపుకొన్నవారు, ఇట్టివారు సుమారు 400 మంది. రాజగుటకు అభిషేకము పొందినవాడు సైన్యమును కూర్చుకొనవలెనన్న ఇట్టివారిని ఏరుకొనునా? నిజమునకు అతడు ఏరుకొనలేదు, వారే వచ్చిరి. అతడును వారివంటివాడే గదా! సౌలు ఇంటినుండి తరుమబడి, గాతులో వెఱ్ఱివానివలె నటించి ప్రాణము దక్కించుకొని ఆ గుహకు చేరినవాడు.

ఈ మాసము ఈ భాగమును ఒక ఫుట్‌బాల్ జట్టు చరిత్ర ప్రక్కన పెట్టి చదువుదము. సంఘ పత్రికలో బంతాట ప్రసంగమేమని పెద్దలు కొందరు అడుగవచ్చును. పౌలు గారు పరుగు పందెమును, ముష్టియుద్ధమును ఉదాహరణముగా తీసికొనగా మనకు సంకోచమేల? ఆట మన ప్రాంతమునకు క్రొత్తదియు కాదు. హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు నేర్పిన భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలలో నాల్గవ స్థానమున నిలిచినది.

మనము చెప్పబోవు జట్టు ఇంగ్లండు నడిమి భాగమందలి లెస్టరు పట్టణమునకు చెందినది. ఆ పట్టణము పేరు మన చదువరులలో కొందరైనను వినియుందురు. చెప్పులు కుట్టు పనినుండి దైవసేవకు వచ్చిన విలియం కేరీ గారు 1793లో మన దేశమునకు ఓడ ఎక్కకమునుపు అక్కడి హార్వే లేన్ బాప్టిస్టు సంఘమునకు కాపరిగా ఉండిరి. మేజోళ్లు, పాదరక్షలు చేయుటలో ఆ ఊరు పేరు పొందినది. ఫుట్‌బాల్‌లో అంత పేరు లేదు. లెస్టర్ సిటీ జట్టు 1884లో పుట్టినను 2016 వరకు దేశపు మొదటి శ్రేణి లీగులో ఒక్కసారియైనను విజేత కాలేదు.

ఆ లీగు ఏర్పాటు తెలియనివారికి రెండు మాటలు. 20 జట్లుండును. ప్రతి జట్టు మిగిలిన 19 జట్లతో తన ఊరిలో ఒకసారి, వారి ఊరిలో ఒకసారి ఆడవలెను. మొత్తము 38 ఆటలు. గెలిచినయెడల 3 పాయింట్లు, సమానమైనయెడల 1. ఏడాది చివర క్రిందనున్న మూడు జట్లు రెండవ శ్రేణికి దిగిపోవలెను. 2014–15లో లెస్టరు జట్టు 140 దినములు అట్టడుగున పడియుండెను. చివరి 9 ఆటలలో 7 గెలిచి ఎట్లో 14వ స్థానమునకు ప్రాకెను. అట్లు గట్టెక్కించిన శిక్షకుడు నైజిల్ పియర్సన్‌ను ఆ జూన్ మాసములోనే యాజమాన్యము తొలగించెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వత్తుము.

అతని స్థానమున వచ్చినవాడు ఇటలీ దేశీయుడైన క్లాడియో రానియెరి. అప్పటికి అతని వయస్సు 63. పూర్వము చెల్సీ జట్టు అతనిని 2004లో పంపివేసినది. 2014 నవంబరులో గ్రీసు దేశపు జట్టు అతని చేతిక్రింద ఫారో దీవులవంటి చిన్న దేశముతో స్వంత గడ్డమీద ఓడిపోగా, ఆ దేశమువారును అతనిని తీసివేసిరి. లెస్టరు ఇతనిని పిలిచినదని విని ఆ ఆటలో పండితులైనవారు పెదవి విరిచిరి. ఆ ఏడు లెస్టరు గెలుచునని ఒక పౌండు పందెము కాసినవానికి 5000 పౌండ్లు ఇచ్చెదమని పందెముల వ్యాపారులు ప్రకటించిరి. పందెములను మేము మెచ్చుట లేదు. లోకము వారిని ఎంతగా లెక్కచేసెనో చూపుటకు మాత్రమే ఈ అంకె.

ఇక ఆటగాండ్ర మాట. అందరికంటె ముందు జేమీ వార్డీని తీసికొందము. షెఫీల్డులో పుట్టిన ఈ బాలుడు అక్కడి షెఫీల్డ్ వెన్స్‌డే జట్టులో పెరిగెను. 16 ఏండ్లు వచ్చునప్పటికి, పొట్టివాడు, పనికిరాడు అని వారు పంపివేసిరి. విరిగిన అవయవములకు కట్టు సాధనములు చేయు కర్మాగారములో పగలు పనిచేయుచు, స్టాక్స్‌బ్రిడ్జ్ అను చిన్న జట్టులో వారమునకు 30 పౌండ్లకు ఆడెను. 2007లో ఒక తగవులో శిక్షపడి ఆరు మాసములు కాలికి నిఘా పట్టీ కట్టుకొనవలసి వచ్చెను. సాయంకాలము 6 గంటలకు ఇంట ఉండవలెను గనుక, పొరుగూరి ఆటలలో సగము దాటగానే మైదానము విడిచి పరుగెత్తెడివాడు. అదుల్లాము గుహలో ఇతనికి చోటు దొరికియుండును గదా! తరువాత హాలిఫాక్స్, ఆ తరువాత ఫ్లీట్‌వుడ్, అచ్చటనుండి 2012లో 10 లక్షల పౌండ్లకు లెస్టరు.

ఇంతవరకు కథ చాలమంది చెప్పుదురు. మాకు దీనికంటె ముఖ్యముగా తోచినది తరువాతి సంగతి. లెస్టరులో మొదటి ఏడు వార్డీ లీగులో 4 గోల్‌లు మాత్రమే కొట్టెను. పెద్ద ఆటకు తాను చాలనని తలంచి, ఆట మానుకొందునని అనెను. అప్పుడు పియర్సన్, అతని సహాయకుడైన క్రెయిగ్ షేక్స్పియర్, ఆటగాండ్రను వెదకి తెచ్చు స్టీవ్ వాల్ష్ కూర్చుండబెట్టి మాటలాడి, నీవు చాలుదువని నచ్చచెప్పిరి. ఒకసారి త్రోసివేయబడినవానిని చేర్చుకొనుట సులభము. అందులో మనకు కొంత పేరు కూడ వచ్చును. చేర్చుకొన్న తరువాత అతడు మొదటి ఏడు మనలను నిరాశపరచినప్పుడు ఏమి చేయుదుము? అచ్చటనే చేర్చుకొన్నవారి మనస్సు బయలుపడును.

తక్కిన వారిని గూర్చి కొంత త్వరగా చెప్పుదుము. గోలు కాయు కాస్పర్ ష్మైకెల్ ప్రసిద్ధుడైన తండ్రికి కుమారుడు. మాంచెస్టర్ సిటీ అతనిని 2009లో నాల్గవ శ్రేణి జట్టునకు పంపివేసెను. 2011లో లీడ్స్ జట్టు లెస్టరునకు అమ్మివేసెను. నాయకుడైన వెస్ మోర్గన్‌ను నాట్స్ కౌంటీ బాల్యములోనే వద్దన్నది. రాబర్ట్ హూత్ స్టోక్ జట్టులో గాయపడి మూలనుండగా 2015లో మొదట ఎరువుగా, పిమ్మట 30 లక్షల పౌండ్లకు వచ్చెను. డానీ డ్రింక్‌వాటర్ మాంచెస్టర్ యునైటెడ్‌లో పెరిగియు వారి పెద్ద జట్టు తరపున ఒక్క పోటీయు ఆడకయే వెలుపలికి వచ్చెను. మార్క్ ఆల్‌బ్రైటన్ చిన్ననాటినుండి ఆస్టన్ విల్లా బిడ్డ. 2014లో ఒప్పందము తీరగానే విల్లావారు అతనిని వదలిరి. లెస్టరువారు ఒక్క పౌండైనను చెల్లింపకయే తెచ్చుకొనిరి.

ఇద్దరి విషయములో మాటను సరిచూచి వాడవలెను. రియాద్ మహ్రెజ్, ఎన్‌గోలో కాంటే త్రోసివేయబడినవారు కారు. ఎవరును తలయెత్తి చూడనివారు. ఇద్దరును పారిస్ నగరపు శివార్లలో పెరిగిరి. మహ్రెజ్ బక్కపలచనివాడు. వాల్ష్ ల్ హావ్ర్ జట్టులో వేరొక ఆటగాని చూచుటకు వెళ్లి ఇతనిని చూచెను. 2014 జనవరిలో అతనిని కొనుటకు 5 లక్షల పౌండ్లైనను కాలేదు. లెస్టరు అనగా రగ్బీ జట్టేమో అని అతడు అనుకొనెనట! కాంటేను ఎత్తు చాలదని ఫ్రాన్సులోని పెద్ద శిక్షణాలయములు తీసికొనలేదు. 19 ఏండ్లవరకు ఊరి జట్టులో ఆడెను. 2015లో వాల్ష్ అతని పేరు చెప్పగా, మరీ పొట్టివాడని రానియెరియే మొదట వెనుకాడెను. ఈ సంగతిని మేము ప్రత్యేకముగా గుర్తించుచున్నాము. రెండు జట్లు వద్దన్న శిక్షకుడు సహితము, ఒక యౌవనుని కొలబద్దతో కొలిచి వద్దనబోయెను. యెష్షయి ఇంటిలో సమూయేలు ప్రవక్త కూడ మొదట ఎత్తునే చూచెను గదా.

ఈ ధరలను తెలిసికొనుటకు ఒక పోలిక చాలును. 2014లో మాంచెస్టర్ యునైటెడ్ ఒక్క ఆటగానికి దాదాపు 6 కోట్ల పౌండ్లు ఇచ్చెను. అతడు ఒక్క ఏడు మాత్రమే అచ్చట ఉండెను. అయినను లెస్టరును బీదల జట్టని మనము పొరబడరాదు. దాని యజమాని థాయిలాండు దేశపు ధనవంతుడు. 2015–16లో పెద్ద జట్లు తడబడిన మాటయు నిజమే. ముందటి ఏటి విజేత చెల్సీ 10వ స్థానమునకు జారెను. ఈ అనుకూలములన్నిటిని ఒప్పుకొన్న తరువాత కూడ చెప్పవలసినది మిగిలియున్నది.

అదేమనగా, వారిని ఎట్లు వాడుకొనిరి అనునది. వెనుక నిలుచు మోర్గన్, హూత్ ఇద్దరును బరువైనవారు, వేగము లేనివారు. వేగము లేదని వారిని తప్పుపట్టుటకు బదులు, వారిని గోలుకు దగ్గరగా నిలిపిరి. అచ్చట పరుగుతో పని లేదు. తలతో బంతిని కొట్టివేయుట, అడ్డుపడుట వారికి బాగుగా వచ్చును. బంతి ఎక్కువసేపు ఎదుటివారియొద్దనే ఉన్నను లెస్టరువారు కలతపడలేదు. ఎదుటివారు ముందుకు వచ్చినకొలది వారి వెనుక బయలు ఏర్పడును. డ్రింక్‌వాటర్ ఆ బయలులోనికి దూరముగా బంతిని పంపును. మెరుపువలె పరుగెత్తు వార్డీ దానిని అందుకొనును. నడుమ కాంటే ఉండెను. ఎదుటివాని కాలినుండి బంతిని లాగుకొనుట 175 మారులు, వారు ఒకరికొకరు పంపుకొను బంతిని దారిలో అందుకొనుట 156 మారులు. ఆ ఏడు లీగులో ఈ రెండింటిలోను అతనిని మించినవాడు లేడు. పొట్టివాడని వద్దన్న కాళ్లవి.

ఇందులో మాయ ఏదియు లేదు. ఒక్కొక్కనిలో లేనిదానిని లెక్కపెట్టి పంపివేసినవారు ముందటి జట్లవారు. ఉన్నదానిని లెక్కపెట్టి, ఆ ఉన్నది పనికివచ్చు చోట నిలిపినవారు వీరు. వార్డీని వెనుక నిలిపి హూత్‌ను ముందు పరుగెత్తించినయెడల ఇద్దరును మరల పనికిరానివారే యగుదురు. సంఘములో పాడలేని సహోదరుని గాయకబృందములో పెట్టి, లెక్కలు రాని సహోదరికి కోశాధికారము ఇచ్చి, తరువాత వారిలో ఉత్సాహము లేదని విసుగుకొనుట మనమెరుగని సంగతి కాదు.

మొదటి 9 ఆటలలో లెస్టరు జట్టు 17 గోల్‌లు ఇచ్చుకొనెను. ఒక్క ఆటలోనైనను గోలు పడకుండ కాచుకొనలేదు. గోలు ఇయ్యని దినమున అందరికిని పిజ్జా తినిపింతునని రానియెరి మాట ఇచ్చెను. అక్టోబరు 24న క్రిస్టల్ ప్యాలెస్ జట్టుపై 1–0గా గెలిచిరి. అతడు వారిని ఆ రొట్టెల అంగడికి తీసికొనిపోయి, పిండి పిసికి మీరే చేసికొనుడి అనెను. లక్షల జీతగాండ్రు పిండి చేతులతో నిలుచుండి నవ్వుకొనుచు తమ రొట్టె తామే కాల్చుకొనిరి. ఆ ఏడు మొత్తము 38 ఆటలలో వారు ఇచ్చినది 36 గోల్‌లు మాత్రమే. మార్చి, ఏప్రిల్ మాసములలో వరుసగా నాలుగు ఆటలు 1–0గా గెలిచిరి.

వార్డీ వరుసగా 11 ఆటలలో గోలు కొట్టి నవంబరు 28న ఆ లీగులో క్రొత్త లెక్క నెలకొల్పెను. ఫిబ్రవరి 6న మాంచెస్టర్ సిటీని వారి మైదానములోనే 3–1గా ఓడించిన దినమున రెండు గోల్‌లు స్టోక్‌వారికి అక్కరలేకపోయిన హూత్ కొట్టినవే. 2016 మే 2న చెల్సీ, టోటెన్‌హామ్ 2–2గా సమానమగుటతో కిరీటము లెస్టరుదయ్యెను. 23 గెలుపులు, 12 సమానములు, 3 ఓటములు, 81 పాయింట్లు. రెండవదైన ఆర్సెనల్ కంటె 10 ఎక్కువ. మే 7న బాల్యములో వద్దనిపించుకొన్న మోర్గన్, 64 ఏండ్లవరకు ఇట్టి కిరీటము ఎరుగని రానియెరి కలిసి బహుమానమును పైకెత్తిరి.

చాలమంది బోధకులు ఇచ్చటనే ఆపివేయుదురు. మనము ఆపరాదు, ఏలయనగా మన రెండవ పాఠ్యభాగము ఇంకను మిగిలియున్నది, లెస్టరు కథయు మిగిలియున్నది.

కాంటే 2016లో చెల్సీకి వెళ్లెను. మరుసటి ఏడు లెస్టరు ఓటములమీద ఓటములు పొందెను. 2017 ఫిబ్రవరి 23న, కిరీటము ఎత్తి ఇంకను పది మాసములు కాకమునుపే, రానియెరిని తొలగించిరి. అప్పటికి జట్టు దిగిపోవు స్థానములకు ఒక్క పాయింటు పైన ఉండెను. ఆటగాండ్రే యజమానులతో అతనిపై మొరపెట్టుకొనిరని పత్రికలు వ్రాసెను; ఆటగాండ్రు కాదనిరి. అతని తరువాత షేక్స్పియర్ చేతిక్రింద జట్టు తేరుకొని 12వ స్థానమున నిలిచెను. కనుక యజమానుల లెక్క తప్పలేదని వాదించువారు కలరు. వాదింపవచ్చును. అయినను వద్దన్నవారిని చేర్చుకొని కీర్తి పొందిన ఇల్లు, ఆ కీర్తి తెచ్చినవానిని అదే వాకిటినుండి పంపెను.

ఇప్పుడు 1 సమూయేలు 30వ అధ్యాయము తెరువుడి. అదుల్లాము గుంపు ఇప్పుడు 600. సిక్లగు కాల్చబడియున్నది, భార్యలును బిడ్డలును చెరపట్టబడిరి. అమాలేకీయులను తరుముచు బెసోరు వాగుయొద్దకు వచ్చునప్పటికి 200 మంది అలసి కాలు కదపలేకపోయిరి. వారిని సామాను దగ్గర విడిచి 400 మంది ముందుకు పోయిరి. పొలములో ఒక ఐగుప్తీయుడు పడియుండెను. అమాలేకీయుడైన యజమానుడు, జబ్బుపడినాడని, మూడు దినముల క్రిందట వానిని దారిలో వదలిపోయినాడు. దావీదు మనుష్యులు వానికి రొట్టెయు నీళ్లును, అంజూరపు ముద్దయు, ఎండుద్రాక్షలును ఇచ్చి బ్రదికించిరి. వాడే శత్రువు ఉన్న చోటు చూపెను. అమాలేకీయుడు ఖర్చు దండుగయని విడిచిన దాసుడే అతని దండు నాశనమునకు దారి చూపెను.

దోపుడుసొమ్ముతో తిరిగివచ్చునప్పుడు ఆ 400 మందిలో కొందరు దుర్మార్గులు ఏమనిరో చూడుడి. వాగుయొద్ద ఆగిపోయిన 200 మందికి భార్యాబిడ్డలను మాత్రము అప్పగించి పంపివేయవలెను, సొమ్ములో పాలు లేదనిరి. ఎవరీ మాట అన్నది? అప్పులతో, చేదు మనస్సుతో గుహకు పారిపోయి వచ్చినవారి గుంపులోనివారే. వారు ఆ దినమును మరచుటకు ఎక్కువ కాలము పట్టలేదు. త్రోసివేయబడిన అనుభవము మనుష్యుని మెత్తబరచునని మనము సులభముగా అనుకొందుము. ఈ అధ్యాయము అట్లు చెప్పుట లేదు. ఒక్క గెలుపు చాలును, నిన్నటి నిర్భాగ్యుడు నేడు అలసినవానిని లెక్కనుండి కొట్టివేయుటకు.

దావీదు వారి మాట వినలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమాన భాగమని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలీయులకు కట్టడగా నియమించెను. ఇచ్చట కట్టడ అను మాట గమనింపదగినది. ఆ పూట మనస్సు కరిగి చేసిన దయ కాదది. దయ ఈ దినముండి రేపు పోవచ్చునని అతడు ఎరుగును గనుక నియమముగా వ్రాయించినట్లున్నది. అట్లు నియమించినవాడు సహితము తరువాత తప్పెను. దావీదు శూరుల పట్టికలో చివరి పేరు ఎవరిదో 2 సమూయేలు 23వ అధ్యాయములో చూచినయెడల మీకే తెలియును.

లెస్టరు జట్టు తరువాత 2021లో దేశపు కప్పు గెలిచి, 2023లో రెండవ శ్రేణికి దిగి, 2024లో ఎక్కి, 2025లో మరల దిగెను. వార్డీ మాత్రము ఈ ఎగుడుదిగుడులన్నిటిలో విడువక 13 ఏండ్లు ఉండెను. 2017లో, చిన్న జట్లలో మిగిలిపోయిన యౌవనులకు తన పేరిట ఒక వారము శిక్షణ పెట్టించి, వృత్తి జట్ల పరిశీలకులను పిలిచి వారిని చూపించెను. కొందరికి జట్లు దొరికెను. 2025 మే 18న, 38 ఏండ్ల ప్రాయమున, లెస్టరు తరపున చివరిసారి ఆడెను. అది అతనికి ఆ జట్టుతో 500వ ఆట. ఆ దినమున కొట్టిన గోలు 200వది.